రంగు వేసిన కొయ్య విగ్రహాలు: వయసు తేల్చే పద్ధతులు, వాటి హద్దులు

"మా ఊరి గుడిలో కొయ్య గరుడవాహనం ఉంది. నాయకరాజుల కాలం నాటిదని పెద్దవాళ్ళు అంటారు. ఇప్పుడు చెక్క వయసు చెప్పే యంత్రాలు వచ్చాయట గదా, పరీక్ష చేయిస్తే తేలిపోదా?" అని వత్రాప్ నుంచి వచ్చి చదువుకుంటున్న విద్యార్థిని ఒకరు మమ్మల్ని అడిగారు. శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం, సాత్తూరు, కోవిల్పట్టి ప్రాంతాల తెలుగు కుటుంబాల నుంచి వచ్చే విద్యార్థులలో చాలామందికి ఇటువంటి వాహనమో, తేరుబొమ్మో, చర్చిలోని మాత విగ్రహమో చిన్ననాటి నుంచి పరిచయమై ఉంటుంది. కనుక ఆ ప్రశ్నకు సమాధానం ఇక్కడే చెప్పడం మంచిదనిపించింది. భాషాశాస్త్రం చెప్పుకొనేవారికి రంగుల రసాయనంతో ఏం పని అని అనుకోనక్కరలేదు. పొరలు పొరలుగా పేరుకున్నదానిలో ఏది ముందు, ఏది వెనుక అని తేల్చడమే మా వృత్తి కూడాను.

సూటిగా చెప్పాలంటే ఆ విద్యార్థిని మనసులో ఉన్న యంత్రంతో అది తేలదు. మరొక విధంగా తేలవచ్చు. ఎందుకు తేలదో, ఎలా తేలవచ్చో తెలియాలంటే కొంత దూరం, యూరపు దాకా, వెళ్ళి రావాలి. రంగు వేసిన కొయ్య విగ్రహాలను పరీక్షించే పద్ధతులు ఎక్కువగా పెరిగింది అక్కడి మధ్యయుగపు చర్చి శిల్పాల మీద.

మధ్యయుగమంటే ఇక్కడ సుమారు 10వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా అని అర్థం. ఆ కాలపు చర్చిలలో శిలువ మీది క్రీస్తు, బిడ్డను ఒడిలో ఉంచుకొన్న మరియమాత, పునీతుల బొమ్మలు చాలామటుకు కొయ్యతో చెక్కి రంగులు వేసినవే. ఈనాడు మ్యూజియంలలో వట్టి చెక్కగా కనబడేవాటిలో కూడా చాలా వాటికి ఒకప్పుడు రంగు ఉండేది. అది కాలక్రమాన రాలిపోయి ఉండాలి, లేదా తరువాతి కాలంలో చెక్క అందమే అందమని నమ్మినవారు గోకి తీసివేసి ఉండాలి.

పని జరిగిన వరస ఇది. ఉత్తర దేశాలలో ఓక్ కొయ్య, జర్మనీ దక్షిణ భాగంలో లిండెన్, ఇటలీలో పోప్లర్ వంటివి ఎక్కువగా వాడేవారు. దుంగ ఎండేటప్పుడు పగలకుండా వెనుకవైపు తొలిచి డొల్ల చేసేవారు. అతుకుల మీద, పగుళ్ళ మీద నారగుడ్డ అంటించేవారు. ఆపైన జంతుచర్మాల నుంచి తీసిన జిగురు, ఆ జిగురులో కలిపిన సుద్ద. సుద్దను పలుమార్లు పూసి, నున్నగా రుద్ది, దానిమీద బంగారు రేకు, రంగులు.

ఈ వరస వింటుంటే మనకు కొండపల్లి గుర్తుకు రావాలి. అక్కడ తేలికైన తెల్లపొణికి కొయ్యను ఆరబెట్టి, బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, తరువాత రంగులు వేస్తారు. తంజావూరు పటాలలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. పనస చెక్క, దానిమీద గుడ్డ, సుద్దపొడి కలిపిన చింతగింజల జిగురు, బంగారు రేకు, రంగు. (ఆ పటాలు వేసిన రాజులు తెలుగు మాట్లాడే చిత్రకారులు. రాజపాళయం రాజులు వేరు, వీరు వేరు. పేరు ఒకటి కావడంతో విద్యార్థులు తరచు పొరబడుతుంటారు.) చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. రంగుకు ఆ సాగుడు లేదు. కాబట్టి రెంటికీ మధ్య సర్దుకుపోయే మెత్తని పొర ఒకటి కావాలి. ఒకే చిక్కుకు దూరదూరాన ఉన్న పనివారు ఒకే విధమైన ఉపాయం కనిపెట్టారు. పోలిక కనిపించగానే చుట్టరికం కలపరాదని భాషల విషయంలో మేము పదేపదే చెప్పే మాట ఇక్కడికీ వర్తిస్తుంది.

ఇక అసలు విషయం. పూజలో ఉన్న విగ్రహం మ్యూజియం వస్తువు కాదు. దీపాల మసి పడుతుంది, చేతులు తగులుతాయి, రంగు వెలుస్తుంది. ఉత్సవానికో, దాత మొక్కుకో మళ్ళీ రంగు వేస్తారు. పాతది తీయకుండా దానిమీదే కొత్తది వేస్తే పొర మీద పొర చేరుతుంది. ఇప్పటికే రంగు ఎగిరిపోయిన అంచు నుంచి గుండుసూది మొనంత పెళ్ళ తీసుకొని, దాన్ని పారదర్శకమైన రెజిన్‌లో నిలబెట్టి, అడ్డంగా అరగదీసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. కోవిల్పట్టి కరిసల్ నేలలో బావి తవ్వినప్పుడు గోడలో నల్లరేగడి, దాని కింద సుద్దనేల, ఇంకా కింద రాయి ఎలా కనబడతాయో, అలా కనబడతాయి పొరలు. రెండు రంగుల మధ్య సన్నని నల్లగీత ఉంటే అది మసి, దుమ్ము. అంటే ఆ రెండు పూతలకూ నడుమ సంవత్సరాలు గడిచాయని అర్థం. గీత లేకుండా రెండు రంగులు అంటుకొని ఉంటే అది ఒకే చేతి పని, అడుగురంగు మీద పైరంగు కావచ్చు. పొరలెన్ని అని లెక్కపెట్టడం సులభమే. పూతలెన్ని అని తేల్చడానికే అనుభవం కావాలి.

తరువాతి పని ఏ పొరలో ఏ రంగు ఉన్నదో గుర్తించడం. ఇందుకు ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ అనే పద్ధతి. చేతిలో పట్టే పరికరం కూడా ఉంది. దాన్ని విగ్రహానికి దగ్గరగా పెడితే ఎక్స్-కిరణాలు పడిన చోట ఉన్న మూలకాలు ఒక్కొక్కటి తన తన గుర్తుతో తిరుగు కిరణాలు వెలువరిస్తాయి. పెళ్ళ తీయనక్కరలేదు. పాదరసం కనబడితే ఇంగిలీకం. సీసం కనబడితే సీసపు తెలుపో, సిందూరమో. ఆర్సెనిక్ కనబడితే హరిదళం కావచ్చు. ఆర్సెనిక్‌తో పాటు రాగి కూడా ఉంటే అది వేరే కథ, దాన్ని కాస్సేపటిలో చెప్తాము. ఈ పరికరానికి రెండు లోపాలున్నాయి. పైపొర, లోపొర అనే భేదం లేకుండా అన్నిటి సమాచారాన్ని కలగలిపి ఇస్తుంది. నీలిమందు, లక్క వంటి చెట్టుచేమల, పురుగుల రంగులను అసలు పట్టుకోలేదు. వాటికి రామన్, ఇన్‌ఫ్రారెడ్ వర్ణపట పద్ధతులు కావాలి.

రంగు పేరు తెలిస్తే కాలం ఎలా తెలుస్తుంది? మేము పాఠంలో చెప్పే ఉదాహరణతోనే చెప్తాము. మేస్త్రీ, ఇస్త్రీ అనే మాటలు పోర్చుగీసు నుంచి వచ్చినవి. పోర్చుగీసువారు ఈ తీరానికి వచ్చింది 1498లో. కాబట్టి ఒక రచనలో మేస్త్రీ అనే మాట ఉంటే, ఆ రచన ఎంత పాతదని చెప్పుకొన్నా, కనీసం ఆ వాక్యం అంతకు ముందుది కాజాలదు. రంగులలో కూడా ఇటువంటి అరువు మాటలున్నాయి. ప్రష్యన్ నీలం 18వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో బెర్లిన్‌లో పుట్టింది. రాగి, ఆర్సెనిక్ కలిసిన చిక్కని ఆకుపచ్చ 1814లో తయారైంది. రాతినుంచి తీసే ఖరీదైన నీలానికి బదులు కృత్రిమ నీలం 1828లో వచ్చింది. టైటానియం తెలుపు 1920ల నాటిది. అడుగుపొరలో ప్రష్యన్ నీలం ఉంటే ఆ పూత 1700కు ముందుది కాదు. ఇది గట్టి సాక్ష్యం. కాని అది లేకపోయినంత మాత్రాన పూత 1700కు ముందుదని చెప్పడానికి లేదు. మేస్త్రీ అనే మాట వాడనివారంతా పోర్చుగీసువారికి ముందు పుట్టినవారు కారు గదా.

మరుగున పడిపోయిన మాటలు కూడా ఉన్నాయి. సీసం, తగరం కలిపి చేసే ఒక పసుపు మధ్యయుగంలోనూ, ఆ తరువాత కూడా విరివిగా వాడారు. సుమారు 1750 తరువాత అది వాడుకలోంచి జారిపోయింది. అటువంటి రంగు ఒకటి ఉండేదని కూడా మరచిపోయారు. 1941లో మ్యూనిక్‌లో జాకోబి అనే శాస్త్రజ్ఞుడు పాత చిత్రాలలోని పసుపులో తగరం ఉన్నదని గమనించిన తరువాతనే అది మళ్ళీ వెలుగులోకి వచ్చింది. ఒక పూతలో ఆ పసుపు ఉంటే అది ప్రష్యన్ నీలానికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి సాక్ష్యం చెప్తుంది. ఇంతకు తరువాతిది కాదు అని.

పుస్తకాలలో స్థిరపడిపోయిన మాటను పొరలు తిరగరాసిన సందర్భాలూ లేకపోలేదు. తైలవర్ణాలను 15వ శతాబ్దంలో ఫాన్ ఐక్ కనిపెట్టాడని ఇటలీ చరిత్రకారుడు వసారి 1550లో రాశాడు. చాలాకాలం అదే పాఠం. నార్వేలోని చర్చిలలో 13వ శతాబ్దపు రంగుల కొయ్య శిల్పాలు, వేదిక ముందు పలకలు ఎన్నో మిగిలాయి. ఆస్లో విశ్వవిద్యాలయం వారు ఆ పలకల రంగును పరిశీలించి, ఆరిపోయే నూనెతోనే ఆ రంగులు కలిపారని చూపారు.

ఇక వయసు చెప్పే యంత్రం. విద్యార్థిని మనసులో ఉన్నది రేడియోకార్బన్ పద్ధతి. చెట్టు బతికి ఉన్నంతకాలం గాలి నుంచి కార్బన్ తీసుకుంటుంది. అందులో కొద్దిపాటి కార్బన్-14. కొయ్యలో ఒక్కొక్క వలయం ఏర్పడిన తరువాత ఆ కార్బన్-14 తరుగుతూ పోతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే ఎంతకాలమైందో తెలుస్తుంది. దీని విజయానికి ఇటలీలోని లూక్కా నగరపు కెథెడ్రల్‌లో ఉన్న శిలువ విగ్రహం చక్కని ఉదాహరణ. దాన్ని అక్కడివారు పవిత్రముఖం అని పిలుస్తారు. అది 8వ శతాబ్దంలో తమ ఊరు చేరిందని సంప్రదాయం. కళాచరిత్రకారులలో చాలామంది ఆ మాటను నమ్మలేదు. పాతది పోయి ఉంటుందని, ఇప్పుడున్నది 12వ శతాబ్దపు నకలని అనేవారు. 2020లో ఫ్లోరెన్సులోని అణుభౌతిక ప్రయోగశాల చెక్క ముక్కలను, చెక్క మీద అంటించిన గుడ్డను పరీక్షించి, అవి 8వ శతాబ్దపు చివరి భాగానికీ 9వ శతాబ్దపు చివరికీ మధ్యవని తేల్చింది. ఇక్కడ గుడ్డ ముఖ్యమైన సాక్షి. చెట్టు నడిమి చెక్క, చెట్టు నరికిన నాటికే వందేళ్ళ పాతది కావచ్చు. పైగా పాత దూలాన్ని తెచ్చి కొత్త బొమ్మ చెక్కవచ్చు. గుడ్డ నూలు మాత్రం ఒక్క ఏటి పంట. చెక్క, గుడ్డ ఒకే మాట చెప్పాయి కాబట్టి నమ్మకం కుదిరింది.

అయితే ఇదే పరీక్ష మన గరుడవాహనానికి చేయిస్తే? గాలిలోని కార్బన్-14 అన్ని కాలాలలో ఒకే మోతాదులో లేదు. సూర్యుడిలో వచ్చే మార్పుల వల్ల అది హెచ్చుతగ్గులయింది. పరిశ్రమలు వచ్చిన తరువాత కాలిన రాక్షసిబొగ్గు దాన్ని మరింత కలగాపులగం చేసింది. దీని ఫలితంగా 1650 నుంచి 1950 దాకా ఉన్న 300 సంవత్సరాలలో ఒకే కొలత మూడు నాలుగు చోట్ల సరిపోతుంది. తిరుమల నాయకుని చివరి రోజుల నాటి చెక్కకు, జమీందారీల కాలపు చెక్కకు తేడా చెప్పమంటే ఆ యంత్రం ఇదీ కావచ్చు, అదీ కావచ్చు అంటుంది. మన ఊళ్ళలో చెదపురుగుకూ, వానకూ, ఉత్సవానికీ తట్టుకొని మిగిలిన కొయ్యపనిలో ఎక్కువ భాగం సరిగ్గా ఆ 300 ఏళ్ళలోనిదే. వెయ్యేళ్ళనాటి లూక్కా శిలువకు పనికివచ్చిన గడియారం మనకు అవసరమైన గంటలోనే ఆగిపోతున్నది.

చెట్టు వలయాలు లెక్కపెట్టే పద్ధతి మరొకటి ఉంది. కొలోన్ కెథెడ్రల్‌లోని గెరో శిలువ కొయ్య 965 ప్రాంతంలో నరికిన ఓక్ చెట్టుదని అలాగే తేల్చారు. ఉష్ణదేశపు చెట్లలో ఈ వలయాలు అంత స్పష్టంగా ఉండవు. టేకు మినహాయింపు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ కేరళ టేకు వలయాలతో గత శతాబ్దాల వానల చరిత్రను పరిశీలించింది. కాని మన తేర్లకు, వాహనాలకు విరివిగా వాడిన ఇప్పకొయ్య ఇందుకు లొంగదు.

కాబట్టి మిగిలిన గడియారం రంగే. 18, 19 శతాబ్దాలలో ప్రతి కొన్ని దశాబ్దాలకు ఒక కొత్త రంగు బజారులోకి వచ్చింది. రేడియోకార్బన్ మూగబోయిన కాలంలోనే రంగులు బాగా మాట్లాడతాయి. వత్రాప్ గరుత్మంతుని రెక్కల మీద అడుగుపొరలో నీలిమందు, హరిదళం మాత్రమే ఉండి, దాని మీద మసిగీత, ఆపైన ప్రష్యన్ నీలం, ఇంకా పైన 1814 నాటి ఆకుపచ్చ, చివరగా ఈనాటి ఎనామెల్ కనబడితే, అడుగుపూత ఏ సంవత్సరానిదో తెలియకపోయినా, కొయ్య చెక్కి ఎన్నాళ్ళయిందో చెప్పడానికి ఒక మెట్ల వరుస దొరికినట్లే. అడుగుపొరలోనే టైటానియం తెలుపు కనబడితే నాయకరాజుల ముచ్చటకు ఆధారం సన్నగిల్లుతుంది, పాత పొరను ఎవరూ ముందుగా తీసివేయకపోయి ఉంటేనే సుమా.

మన కష్టమంతా ఆ చివరి షరతులోనే ఉంది. ఉత్సవానికి ముందు వాహనాన్ని శుభ్రం చేయడమంటే ఈ రోజుల్లో గరుకు కాగితంతో చెక్క దాకా రుద్ది, బజారు డబ్బాలోని ఎనామెల్ పూయడమే. పూర్వం పాతదాని మీదే కొత్తది పూసేవారు. తెలియకుండానే చరిత్రను భద్రపరిచారు. ఇప్పుడు భక్తితోనే, మంచి ఉద్దేశంతోనే, ఒక్క పూటలో 200 సంవత్సరాల పూతలు పొడిగా రాలి చీపురుకు పోతున్నాయి. మరొకచోట దానికి నకలుండదు. శాసనం విరిగితే పాత ప్రతిలిపి ఉండవచ్చు, తాళపత్రం పోతే మరో ప్రతి ఉండవచ్చు.

పై పొరా కింది పొరా రెండూ నిలబెట్టడం సాధ్యమేనా అని అడిగేవారికి తంజావూరు బృహదీశ్వరాలయం ఉంది. అక్కడ గర్భగుడి చుట్టూ ఉన్న ఇరుకైన దారిలో నాయకరాజుల కాలపు గోడచిత్రాల కింద చోళుల చిత్రాలున్నాయని 1931లో గోవిందస్వామి కనుగొన్నారు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో 1930లో మొదలైన రసాయన ప్రయోగశాలకు చెందిన పరమశివన్ ఆ రెండు పొరలనూ పరీక్షించి, అవి వేరు వేరు పద్ధతులలో వేసినవని చూపారు. ఇటువంటి పని మన దేశంలో అంత ముందే, అదీ మన పక్కనే జరిగిందన్న సంగతి విద్యార్థులకు తెలియదు. తరువాత పురావస్తు శాఖవారు నాయకుల పొరను చెక్కుచెదరకుండా ఊడదీసి, వేరే పలకల మీద అమర్చారు. చోళచిత్రం కోసం తెలుగు నాయకుల చిత్రాన్ని బలి పెట్టలేదు. అది గోడ, ఇది కొయ్య. అయినా సూత్రం ఒక్కటే.

మాత విగ్రహాల విషయం కూడా కొంచెం చెప్పాలి. తూత్తుకుడి పనిమయ మాత విగ్రహం 1555లో మనిలా నుంచి ఓడలో వచ్చిందని సంప్రదాయం. స్పెయిన్‌వారు మనిలాలో స్థిరపడింది 1571లో. సంవత్సరంలోనో, ఊరి పేరులోనో ఎక్కడో కొంత సర్దుబాటు జరిగి ఉండాలి. నోటి మాటగా వచ్చిన చరిత్రలో ఇది మామూలే, దానివల్ల సంప్రదాయం అబద్ధమైపోదు. లూక్కా కథ మనకు చెప్పింది కూడా అదే. ఇటువంటిచోట అడగవలసింది వయసు కాదు, కొయ్య ఏ చెట్టుది అని. గోటి మొనంత చీలికను మైక్రోస్కోపు కింద పెడితే చెట్టు జాతి తెలుస్తుంది. ఫిలిప్పీన్స్‌లో పునీతుల బొమ్మలకు మొలావే, నర్రా వాడేవారు. యూరపులో వాడినవి వేరు, మనవి వేరు. అయితే కొలువై ఉన్న దేవత శరీరం నుంచి చీలిక తీయాలా వద్దా అనేది శాస్త్రజ్ఞుడు నిర్ణయించే విషయం కాదు, కొలిచేవారు నిర్ణయించేది.

కోవిల్పట్టి దగ్గర కామనాయక్కన్‌పట్టి చర్చి ఉంది. వీరమాముని అనే పేరుతో తమిళ సాహిత్యంలో ప్రసిద్ధుడైన బెస్కి పాదిరి 18వ శతాబ్దపు తొలి భాగంలో అక్కడ పనిచేశాడు. ఊరి పేరులోనే మన నాయకుడున్నాడు. జెస్యూట్ పాదిరులు తమ పెద్దలకు ఏటేటా జాబులు రాసేవారు. గుళ్ళ విషయంలో జమీను లెక్కలు, దాతల పేర్లు రాసిన పలకలు ఉంటాయి. ఫలానా సంవత్సరం రంగు వేయించిన ఖర్చు ఇంత అని ఒక్క పద్దు దొరికినా, దాన్ని పూతల వరుస పక్కన పెట్టి చూస్తే ఒక మెట్టుకు సంవత్సరం కుదురుతుంది. ప్రయోగశాల ఈ పని చేయలేదు. తెలుగు, తమిళం రెండూ చదవగల విద్యార్థి చేయగలడు.

యంత్రాలు లేకుండా మీరు చేయగల పనులు మరికొన్ని ఉన్నాయి. ధర్మకర్తను గాని, పాదిరిగారిని గాని అడిగి, అనుమతి తీసుకొని, చీకట్లో టార్చిలైటును విగ్రహానికి పక్కగా, అడ్డంగా పట్టి చూడండి. పైరంగు కింద దాగిన పాత నగల గీతలు, పూలు, ఎగుడుదిగుడుగా కనబడతాయి. రంగు పెచ్చులూడిన చోట భూతద్దంతో అంచు చూడండి. రంగులు ఏ వరుసలో ఉన్నాయో పైనుంచి కిందికి రాసుకోండి. పక్కన చిన్న కొలబద్ద పెట్టి, అదే వెలుతురులో, ముందు వెనుక పక్కల ఫోటోలు తీసి తేదీ వేయండి. రంగు వేసేవారి దగ్గర కూర్చొని వారి మాటలు రాసుకోండి. జిగురును ఏమంటారు, సుద్దను ఏమంటారు, ఏ రంగు ఎక్కడ కొనేవారు, వాళ్ళ తాత ఏం వాడేవాడు. జేగురు, ఇంగిలీకం, హరిదళం అనే మాటలు మన ప్రాంతపు తెలుగులో ఇంకా ఎవరి నోట ఉన్నాయో మాకు తెలియజేస్తే వాటిని ఈ పత్రికలోనే అచ్చువేస్తాము.

ఒక జాగ్రత్త. పరీక్ష కోసమని మీ చేత్తో పెళ్ళ గీకవద్దు. వాహనాన్ని దించేటప్పుడో, ఎత్తేటప్పుడో దానంతటది రాలిన పెచ్చు దొరికితే శుభ్రమైన తెల్లకాగితంలో మడిచి, ఏ ఊరు, ఏ విగ్రహం, ఏ భాగం నుంచి రాలింది, ఏ తేదీన అనే నాలుగు వివరాలు కాగితం మీద రాసి, గుడివారి దగ్గరే భద్రంగా ఉంచమని చెప్పండి.